అత్యవసర అద్దె సాయం: మా కౌంటీ సేవపై నా అభిప్రాయం

అమెరికాలో అద్దె ఇంట్లో ఉంటూ, ఉన్నట్టుండి జీతం ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 2021లో, కోవిడ్ కాలంలో, మా కౌంటీ (ఇక్కడ జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం) ఇచ్చిన అత్యవసర అద్దె సాయం మేము తీసుకున్నాం. మా వారు పనిచేసే హోటల్ మూతపడింది. నా పార్ట్ టైమ్ జీతం సరుకులకూ కారు బీమాకూ చాలేది కాదు. అద్దె మూడు నెలలు బకాయి పడి, ఖాళీ చేయమని తలుపుకు నోటీసు అంటించారు.

దరఖాస్తు పెట్టాక ఫోను చేసిన ఉద్యోగిని మా కష్టాల గురించి కాదు, ముందు నోటీసు గురించి అడిగింది. ‘‘దాని మీద తేదీ చదవండి. కోర్టు కాగితమా, యజమాని ఇచ్చినదా?’’ గడువు దగ్గరపడిన దరఖాస్తులను ముందుకు జరుపుతామని చెప్పింది. ఆ పని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న అది. మా వారికి పాత జీతం స్లిప్పులు దొరకకపోతే, ఆదాయం గురించి సంతకం చేసి రాసిచ్చిన కాగితాన్నే తీసుకున్నారు. డబ్బు నేరుగా యజమాని ఖాతాకు వెళ్లింది. పాత బకాయితోపాటు కొంత కరెంటు బిల్లు కూడా తీరింది. ఇది అప్పు కాదు, తిరిగి కట్టే పని లేదు.

వెబ్‌సైటు మాత్రం చాలా విసిగించింది. లీజు పేజీలన్నీ ఫోనులో ఫోటోలు తీసి ఎక్కిస్తే, చివర్లో లాగౌట్ అయిపోయి మళ్లీ మొదటికి వచ్చేది. యజమాని తన పన్ను గుర్తింపు సంఖ్య రాసి ఇవ్వాల్సిన డబ్ల్యూ-9 ఫారం కోసం ఆయన వెంట పడాల్సి వచ్చింది. ఇంగ్లిషు రాని పెద్దవాళ్లు ఒంటరిగా నెగ్గుకురాలేరు.

ఈ సాయానికి కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో 2,500 కోట్ల డాలర్లు, 2021 మార్చిలో మరో 2,155 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు అద్దెదారులను ఖాళీ చేయించడంపై కోవిడ్ వల్ల పెట్టిన నిషేధాన్ని ఎత్తేశాక, చాలామందిని వీధిన పడకుండా కాపాడింది ఈ డబ్బే. రెండో విడత నిధుల గడువు 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఇక రాష్ట్రాలు, కౌంటీలు, నగరాలు సొంత బడ్జెట్ నుంచి ఇస్తేనే ఉంటుంది, లేకపోతే లేదు.

కౌంటీ దీన్ని ఆపకూడదు. ఖాళీ చేయించే కేసు ఒక్కసారి కోర్టులో పడితే, ఆ వివరం అద్దెదారుల తనిఖీ నివేదికల్లో ఏడేళ్ల వరకూ కనిపించవచ్చు. ఆ తర్వాత బకాయి తీర్చినా కొత్త ఇల్లు ఇచ్చేవాళ్లు వెనకాడతారు. పిల్లల బడి మారుతుంది, కారులో పడుకునే పరిస్థితి వస్తుంది. అందుకే సాయం కేసు పడకముందే అందాలి. వీధిన పడ్డాక షెల్టరులో చోటు వెతకడం ఆ కుటుంబానికి నరకం, కౌంటీకి మరింత ఖర్చు.

ఇప్పుడు కష్టంలో ఉన్నవాళ్లు నోటీసు వచ్చేదాకా ఆగకండి. స్థానిక సాయాల వివరాలు చెప్పే 211 నంబరుకు ఫోను చేసి మీ ప్రాంతంలో నిధి మిగిలి ఉందేమో అడగండి. లీజు, అద్దె ఖాతా వివరాలు, గుర్తింపు కార్డు ఒకచోట పెట్టుకోండి. కోర్టు నుంచి సమన్లు వస్తే, దరఖాస్తు పెట్టాం కదా అని వాయిదాకు వెళ్లడం మానకండి.

కౌంటీ బడ్జెట్ సమావేశంలో ప్రజలు మాట్లాడేందుకు కొద్ది నిమిషాలు ఇస్తారు. ఈసారి నేను పేరు ఇచ్చాను. మా యజమాని కూడా ఉత్తరం రాస్తానన్నారు, ఆయన బకాయి తీరింది ఈ డబ్బుతోనే కదా. మీ యజమానులనూ అడగండి.