ట్రాఫిక్ నోటీసు ఎన్ని రోజుల్లో రావాలి? బ్రిటన్ గడువు, మన 209, ఫోన్‌కొచ్చే చలానా: ఏది మేలు?

ఓవర్‌స్పీడ్ కేసులో నోటీసు ఎన్ని రోజుల్లోపు రావాలి అని మన శ్రీకాకుళంలో ఎవరినైనా అడగండి, "ఎప్పుడొస్తే అప్పుడు కట్టడమే కదా" అంటారు. ఈ మాట నాకు అస్సలు నచ్చదు. గడువు మన చట్టంలోనే ఉంది, 1988 మోటారు వాహనాల చట్టం 209వ సెక్షన్‌లో అంకెలతో సహా రాసి ఉంది, అయినా బండి నడిపేవాళ్లకూ తెలీదు, బండి ఓనర్లకూ తెలీదు. అదే బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లని అడిగితే ముందు "పద్నాలుగు రోజులు దాటిందా" అంటారు. అందుకే అక్కడి పద్ధతి, మన పాత సెక్షను, ఇప్పుడు కెమెరాలతో వచ్చిన ఈ-చలానా, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బండి ఉన్నవాడికి ఏది నయమో తెలుస్తుంది.

బ్రిటన్ సంగతి ముందు. వాళ్ల చట్టం కూడా 1988దే, రోడ్ ట్రాఫిక్ అఫెండర్స్ యాక్ట్, అందులో మొదటి సెక్షనే ఇది. స్పీడు, సిగ్నల్ దాటడం, అజాగ్రత్తగానో ప్రమాదకరంగానో నడపడం లాంటి కేసుల్లో శిక్ష వేయాలంటే, కేసు పెట్టే అవకాశం ఉందని పోలీసు అక్కడికక్కడే చెప్పి ఉండాలి, లేదంటే 14 రోజుల్లోపు నోటీసు డ్రైవర్‌కో, బండి ఎవరి పేరున నమోదై ఉందో వాళ్లకో అందాలి. పంపితే చాలదు, అందాలి. తప్పు జరిగిన రోజు లెక్కలోకి రాదు కాబట్టి జూన్ 3న కెమెరాకి చిక్కితే జూన్ 17 లోపు కాగితం ఇంటికి చేరాలి, అయితే పోస్టులో పంపినట్టు వాళ్లు చూపిస్తే నాకు అందలేదని నిరూపించుకోవాల్సింది మనమే. ఆ పైన 28 రోజుల్లో ఆ టైమ్‌కి నడిపింది ఎవరో ఓనర్ రాసి పంపాలి, పంపకపోతే అది వేరే నేరం, దానికి లైసెన్స్ మీద ఆరు శిక్ష పాయింట్లు పడతాయి. స్పీడు కేసుకి కనీసం పడేది మూడే పాయింట్లు, అంటే నోరు మూసుకుని కూర్చుంటే నష్టం రెట్టింపు. మూడేళ్లలో 12 పాయింట్లు చేరితే మామూలుగా కొన్నాళ్లు బండి నడపనివ్వరు.

అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. అద్దె కారయితే 14 రోజుల లెక్క అద్దె కంపెనీకి వెళ్లే మొదటి నోటీసుకే, నడిపిన మీ పేరున వచ్చే కాగితం ఆ తర్వాత వచ్చినా చెల్లుతుంది, ఆలస్యమైందని పక్కన పడేయకండి. యాక్సిడెంట్ జరిగి ఆ సంగతి డ్రైవర్‌కి తెలిసి ఉంటే నోటీసే అక్కర్లేదు. తాగి నడపడం, ఇన్సూరెన్స్ లేకపోవడం కూడా ఈ గడువు కిందికి రావు.

ఇక మన 209 చదివితే అదే ఇంట్లో పుట్టిన తమ్ముడిలా ఉంటుంది. అక్కడికక్కడే హెచ్చరించాలి, లేదా 14 రోజుల్లోపు ఏం తప్పు, ఎక్కడ, ఎప్పుడు అని రాసి నోటీసు ఇవ్వాలి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, లేదా 28 రోజుల్లోపు కోర్టు సమన్లు అందించాలి. ఈ మూడింట్లో ఒక్కటీ జరక్కపోతే శిక్ష వేయకూడదు. కానీ బ్రిటన్ దానితో పోలిస్తే రెండు చోట్ల మనది బలహీనం. ఒకటి, రిజిస్టర్డ్ పోస్టులో వేస్తే చాలు, మీ చేతికి ఎప్పుడొచ్చిందన్నది లెక్క కాదు. రెండు, ఇది 183, 184 సెక్షన్లకే, అంటే మితిమీరిన స్పీడుకీ ప్రమాదకరంగా నడపడానికీ మాత్రమే. హెల్మెట్, ట్రిపుల్ రైడింగ్, ఇన్సూరెన్స్, లైసెన్స్ కేసులకి ఈ 14 రోజులు వర్తించవు, కాబట్టి హెల్మెట్ చలానా చూపించి 209 అంటే ఎవరూ వినరు. బండి ఓనర్ అడ్రసు ఎంత వెతికినా దొరకలేదనో, మీరే తప్పించుకు తిరిగారనో కోర్టు నమ్మితే కూడా గడువు మాట చెల్లదు.

మూడోది ఈ-చలానా. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ అని కొత్తగా చేర్చారు. కెమెరాలు పెట్టాల్సిన 132 నగరాలు, పట్టణాల జాబితా అందులో ఉంది, ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఉంటే మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ వాటిలో ఉన్నాయి. కెమెరాలో పడిన తప్పుకి 15 రోజుల్లోపు నోటీసు పంపాలని అందులో రాశారు. హెల్మెట్, సీటు బెల్టు కూడా వస్తాయి కాబట్టి 209 కంటే దీని పరిధి పెద్దది. చలానాతో పాటు తప్పు కనిపించే ఫొటో, నంబరు ప్లేటు, తేదీ, టైమ్, స్థలం, ఏ సెక్షన్ కింద అన్నది, స్పీడయితే మెషీన్ చూపించిన అంకె, అన్నీ ఉండాలి. కాగితం మీద ఇది మూడింట్లోకీ వివరమైనది. అయితే 15 రోజులు దాటితే చలానా ఏమవుతుందో ఆ నిబంధన చెప్పలేదు, నా దృష్టిలో అసలు లోపం ఇదే. దాటితే ఏమీ కాని గడువుని ఎవరు పట్టించుకుంటారు?

బండి మీరొక్కరే నడిపితే ఈ తేడా పెద్దగా బాధించదు. రణస్థలం దగ్గర హైవే మీద స్పీడు పోయానా లేదా మీకే తెలుసు, నాలుగు నెలల తర్వాత మెసేజ్ వచ్చినా ఫొటో చూసి పోల్చుకుంటారు. బాధంతా డ్రైవర్లని పెట్టుకుని బండి తిప్పేవాళ్లది. నరసన్నపేటలో ఒకాయన రెండు బొలెరోలు అద్దెకి తిప్పుతున్నాడనుకోండి, ఈ నెల ఉన్న డ్రైవర్ వచ్చే నెల ఉండడు, పెళ్లిళ్ల సీజన్‌లో ఒకే రోజు ఇద్దరు మారతారు. మన మోటారు వాహనాల చట్టంలోనే 133వ సెక్షన్ ప్రకారం పోలీసులు అడిగితే డ్రైవర్ వివరాలు ఓనర్ చెప్పి తీరాలి. పది రోజుల్లో నోటీసొస్తే డైరీ చూసి చెప్తాడు, డ్రైవర్ జీతంలోంచి మాట్లాడుకుంటాడు. అయిదో నెలలో వస్తే ఎవరి పేరు చెప్తాడు? కారుకి 183 కింద 1,000 నుంచి 2,000 రూపాయలే కదా అని తనే కట్టేస్తాడు, నడిపినవాడికి తను తప్పు చేశానన్న సంగతే తెలీదు. స్పీడు తగ్గాలన్నదే ఉద్దేశమైతే అది అక్కడే పోయింది.

అందుకే నన్నడిగితే అన్నిటికంటే మేలు అసలు నోటీసే కాదు, ఆపి చెప్పడం. ఎండలో పావుగంట పోతుంది, చిరాకేస్తుంది, నిజమే. కానీ ఎవరు నడిపారన్న తగువు ఉండదు, మీ మాట అక్కడే చెప్పుకోవచ్చు, స్పీడ్ గన్ అంకె చూపించమని అడగొచ్చు. ఆపడం కుదరనప్పుడు బ్రిటన్ పద్ధతి, ఎందుకంటే ఆలస్యమైతే నష్టం పంపినవాళ్లదే. ఆ తర్వాత మన 209. ఈ-చలానా ప్రస్తుతానికి చివర్న, 15 రోజులు దాటితే చెల్లదని ఒక్క వాక్యం చేరిస్తే అది రెండో స్థానానికి వచ్చేస్తుంది.

మరి ఆలస్యంగా వచ్చిన చలానాని కట్టేయాలా, కొట్లాడాలా? హెల్మెట్, సీటు బెల్టు అయి, ఫొటోలో తప్పు కనిపిస్తుంటే కట్టేయండి. స్పీడు చలానా అయితే కట్టే ముందు తప్పు జరిగిన తేదీ, చలానా తయారైన తేదీ రెండూ వేర్వేరుగా చూడండి. మనం తొందర్లో మొత్తం ఒక్కటే చూసి ఫోన్‌పే తెరుస్తాం. రెండింటి మధ్య రెండు వారాలు దాటి, మిమ్మల్ని ఎవరూ ఆపి చెప్పకపోతే, పరివాహన్ ఈ-చలానా సైట్‌లోనే అభ్యంతరం పెట్టొచ్చు, కోర్టుకి వెళ్తే 209 చూపించొచ్చు. ఒకసారి కట్టేస్తే ఒప్పుకున్నట్టే, తర్వాత అడగడానికి ఉండదు. పోస్టులో వస్తే కవరు దాచండి, దాని మీద ముద్రలో ఉన్న తేదీయే మీ సాక్ష్యం. ఇంకో లెక్క కూడా ఉంది, జరిమానా మాత్రమే ఉండే నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకి తీసుకోకూడదని క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 514వ సెక్షన్‌లో చెప్తోంది, ఆలస్యాన్ని మన్నించే అధికారం మాత్రం కోర్టుకుంది. వకీలు ఫీజు జరిమానా కంటే ఎక్కువయ్యే చోట కొట్లాడమని నేను చెప్పను, కానీ ట్యాక్సీ, లారీ ఓనర్లు వరసగా చలానాలు పడుతున్నప్పుడు అన్నీ కలిపి ఒకసారి అడగడం లాభమే.

రాయితీ వస్తుందిలే అని వదిలేసేవాళ్లూ ఉన్నారు. తెలంగాణలో 2022లో, 2023 చివర్లో అలా ఇచ్చారు, దాన్ని చూసి మనకీ వస్తుందనుకోవడం నమ్మకమైన లెక్క కాదు.

పలాస, టెక్కలి, రాజాం వైపు నుంచి హైదరాబాద్‌కో చెన్నైకో పనికెళ్లి బండి ఇంటి దగ్గర వదిలేసినవాళ్లు రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్ నంబరు, అడ్రసు ఈ వారమే సరిచేయించుకోండి. బండి తమ్ముడు నడుపుతాడు, బావ పట్టుకెళ్తాడు, మెసేజ్ మాత్రం ఎప్పుడో మార్చేసిన నంబరుకి పోతుంది. అడ్రసు దొరకలేదన్న ఒక్క కారణం చాలు, 209 మీకు పనికిరాకుండా పోవడానికి.