నల్లగొండ నుంచి శ్రీశైలం, అలంపురం, కురువపురం: మూడు రాష్ట్రాల పొలిమేరలు తిరిగొచ్చాక

నల్లగొండ జిల్లా వాళ్లకు రాష్ట్ర సరిహద్దు కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్ డ్యాం 26 గేట్లలో సగం ఇటు తెలంగాణ వైపు, సగం అటు ఆంధ్రా వైపు. 2023 నవంబరు 30న, మన దగ్గర అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ జరుగుతున్న రోజే, ఆ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు, చివరికి కేంద్ర బలగాలను దించాల్సి వచ్చింది. ఇంత దగ్గర్లో ఉండి కూడా టూర్ ప్లాన్ చేసేటప్పుడు మనం చూసుకునేది రూము, దర్శనం టైం, తిండి, అంతే. పొలిమేర దాటితే ఏ నిబంధన మారుతుంది, ఏదైనా అయితే ఏ స్టేషన్‌కు పోవాలి, ఏ గేటు ఎన్నింటికి మూస్తారు అన్నది ఎవరూ ముందే అడగరు. అందుకే ఈసారి గుళ్ల గురించి తక్కువ, దారి గురించి ఎక్కువ రాస్తున్నా.

మేము కారులో వెళ్లాం. నేను, మా ఆవిడ, అమ్మ, మా బావ, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా అక్క, వాళ్ల అబ్బాయి. దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం, అక్కడి నుంచి దోర్నాల, ఆత్మకూరు మీదుగా కర్నూలు, తర్వాత అలంపురం, గద్వాల, మక్తల్, కురువపురం, రాయచూరు, మళ్లీ మహబూబ్‌నగర్.

మొదట మన్ననూరు చెక్‌పోస్టు. ఇది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మొదలయ్యే చోటు, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలను వదలరు. శివరాత్రి లాంటి జాతర రోజుల్లో సడలింపు ఇస్తుంటారు గానీ మామూలు రోజుల్లో ఎంత బతిమాలినా లాభం లేదు, లేకపోవడమే మంచిది కూడా, ఎందుకంటే చీకట్లో ఆ రోడ్డు దాటేవి దుప్పులు, అడవి పందులు, అప్పుడప్పుడు చిరుతలు. హైదరాబాద్ నుంచి ఆఫీసు అయ్యాక బయల్దేరి గేటు దగ్గర కారులోనే రాత్రంతా పడుకున్న కుటుంబాలను పొద్దున చూశాం, చిన్న పిల్లలతో. టైం సరిపోదనిపిస్తే గేటు దాకా వచ్చి ఇబ్బంది పడకండి, ముందే అచ్చంపేటలో ఆగిపోండి, లేదంటే మన్ననూరులో అటవీశాఖ కాటేజీలు ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోవాలి.

గేటు దగ్గర బండి నంబరు రాసుకుని, రుసుము తీసుకుని రసీదు ఇచ్చారు. వెనక సీట్లో ఉన్న వాటర్ బాటిళ్లు చూసి అక్కడి కుర్రాడు, "అన్నా, ఖాళీ సీసాలు అడవిల పడేయకుండ్రి, నడుమ బండి ఆపి కోతులకు ఏం పెట్టకుండ్రి" అని చెప్పాడు. గట్టిగా కాదు, ఇంట్లో మనిషి చెప్పినట్టే చెప్పాడు. రిజర్వ్‌లో ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది, స్టీలు సీసాలు పెట్టుకుంటే ఏ గొడవా లేదు. అయినా దారి పొడవునా జనం కార్లు ఆపి కోతులకు బిస్కెట్లు వేస్తూనే ఉన్నారు. బిస్కెట్ల కోసం రోడ్డు మీదికి వచ్చిన కోతి ఇంకో కారు కింద పడి చస్తుంది, ఈ మాత్రం ఎందుకు అర్థం కాదో. టీ తాగాలంటే వటవర్లపల్లిలో ఆగొచ్చు, మల్లెల తీర్థం జలపాతానికి మలుపు కూడా అక్కడే. ఎండాకాలంలో దానికోసం మెట్లు దిగి ఎక్కకండి, నీళ్లుండవు, మోకాళ్ల నొప్పులే మిగులుతాయి. వానలు పడ్డాక అయితే తప్పకుండా చూడండి. మన్ననూరు దాటాక ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల పోతుంది, కాబట్టి బండి టైరు, పెట్రోలు ముందే చూసుకోవాలి.

దోమలపెంట దాటి ఘాట్ దిగితే కృష్ణ, అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, నంద్యాల జిల్లా. శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తిన రోజుల్లో ఇక్కడ జరిగేది మాత్రం భరించలేం. మలుపుల్లోనే కార్లు ఆపి సెల్ఫీలు, రెండు వైపులా కిలోమీటర్ల కొద్దీ ట్రాఫిక్ జామ్, మధ్యలో అంబులెన్స్ వచ్చినా దారి దొరకదు. పోలీసులు చలానా రాస్తే కోపం తెచ్చుకునే వాళ్లు ఒక్కసారి ఆ అంబులెన్స్ వైపు నుంచి ఆలోచించాలి. నీళ్లు చూడాలంటే బండి ఎక్కడైనా వెడల్పు చోట పెట్టి నడిచి రండి.

శ్రీశైలం క్షేత్రంలోకి మద్యం, మాంసం, గుట్కా లాంటివి తేకూడదు. టోల్‌గేట్ దగ్గర డిక్కీ తీయించి చూశారు. మా ముందు కారులో ఇంటి నుంచి తెచ్చుకున్న చికెన్ కూర గిన్నె దొరికింది, అక్కడే వదిలేసి పొమ్మన్నారు. డ్రోన్లు కూడా ఎగరేయకూడదు. అనుమతి లేకుండా ఎగరేసి స్టేషన్‌కు వెళ్లిన కుర్రాళ్ల వార్తలు చాలాసార్లు చదివే ఉంటారు. స్పర్శ దర్శనానికి మగవాళ్లు పంచె, ఆడవాళ్లు చీర గానీ చున్నీతో చుడీదార్ గానీ వేసుకోవాలి.

రూముల విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తా. దేవస్థానం గదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయి, ఫోన్‌లో వెతికితే అసలు దానికంటే ముందు అవే వస్తుంటాయి. అడ్వాన్స్ వేయించుకుని రసీదు లాంటి కాగితం పంపుతారు, అక్కడికి వెళ్లాక కౌంటర్‌లో పేరే ఉండదు. కౌంటర్ దగ్గర కడప నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ కాగితం పట్టుకుని నిలబడితే చూడలేకపోయాం. బావ ఆయన చేతే 1930కి ఫోన్ చేయించాడు. సైబర్ మోసాలకు దేశమంతా అదే నంబరు, డబ్బు పోయాక ఎంత తొందరగా చెప్తే అంత మంచిది, అవతలి ఖాతాలో ఇంకా ఉంటే ఆపే అవకాశం ఉంటుంది. గది కావాలంటే దేవస్థానం సొంత వెబ్‌సైట్, లేదా నేరుగా కౌంటర్, మూడో దారి వద్దు. మాకు దేవస్థానం సదనంలో దొరికింది. శుభ్రంగా ఉంది, పక్క దుప్పట్లు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకుంటే మేలు. కుల సత్రాలు కూడా చాలా ఉన్నాయి, భోజనం బాగుంటుంది గానీ ఎవరి వాళ్లకే ముందు ఇస్తారు, రద్దీ రోజుల్లో వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ఎక్కడ దిగినా అందరి ఆధార్ అడుగుతారు. మా అక్క కొడుకు అక్కడే పుట్టినవాడు, అమెరికా పాస్‌పోర్టు. పిల్లాడే కదా అనుకోకూడదు, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే ఆ వివరాలు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో పంపాల్సిన బాధ్యత లాడ్జి వాళ్లది. ఒక లాడ్జిలో ఆ పని తెలియక మాకు గదే ఇవ్వబోమన్నారు. ఎన్నారై పిల్లలతో తిరిగే వాళ్లు చిన్న ఊళ్లలో గది బుక్ చేసే ముందే ఫోన్ చేసి ఈ సంగతి చెప్పండి, రాత్రి పూట కౌంటర్ ముందు నిలబడి వాదించే బాధ తప్పుతుంది.

ఇక ఫోన్ పోయిన సంగతి. ఏ ఊళ్లో అన్నది రాయను. జనంలో బావ జేబులోంచి ఫోన్ కొట్టేశారు, చూసుకునేసరికి మేము సరిహద్దు దాటేశాం. దగ్గర్లో కనిపించిన స్టేషన్‌కు వెళ్తే అక్కడున్నాయన తల ఎత్తకుండానే అన్నాడు: "పోయింది అక్కడ కదా, అక్కడే ఇయ్యాలె కంప్లైంట్. మా లిమిట్స్ కాదు."

బావ గొంతు పెంచలేదు. "సార్, జీరో ఎఫ్ఐఆర్ రాసుకోండి సార్. నంబరు మీరు ఇవ్వండి, అక్కడికి మీరే పంపుతారు కదా. మేం మళ్లీ వెనక్కి పోలేం, ముసలామె ఉంది మాతో."

"జీరో ఎఫ్ఐఆర్ పెద్ద కేసులకు."

"లేదు సార్, 2024 జులై నుంచి కొత్త చట్టంలోనే ఉంది, 173 సెక్షన్. దొంగతనానికి కూడా వర్తిస్తది."

అప్పుడు లోపల ఉన్న ఎస్సై పిలిచి కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు, రాసుకున్నాడు, కాపీ కూడా ఇచ్చాడు. ఆయన పద్ధతిగానే ఉన్నాడు, ముందున్నాయన తిప్పి పంపితే మేము ఆయన దాకా వెళ్లేవాళ్లమే కాదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్నది, అంటే జీరో ఎఫ్ఐఆర్, భారతీయ నాగరిక్ సురక్ష సంహిత అనే ఆ కొత్త చట్టంలోని మాట, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. కాపీ ఫ్రీగా ఇవ్వాలి. ఆ కాపీ ఎందుకు ముఖ్యమంటే, పోయిన ఫోన్లను ఆపే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోన్ బ్లాక్ చేయాలంటే పోలీసు ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు నంబరు), ఓటీపీ రావడానికి ఒక సిమ్ కావాలి. ఐఎంఈఐ ఎక్కడైనా కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి, ఫోన్‌లోనే దాచుకుంటే ఫోన్‌తోపాటు అదీ పోతుంది. అంతకంటే ముందు బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించాలి. ఎమర్జెన్సీ అయితే 112, మూడు రాష్ట్రాల్లోనూ అదే నంబరు.

దోర్నాల నుంచి ఆత్మకూరు దారి కూడా అడవే, అక్కడా రాత్రి గేట్లు మూస్తారు. ఆ విషయం చాలామందికి తెలియదు, శ్రీశైలం గేటు గురించే తెలుసు. సాయంత్రం దర్శనం చేసుకుని కర్నూలు పోదాం అనుకుంటే మధ్యలో ఇరుక్కుపోతారు. పొద్దున్నే బయల్దేరండి.

కర్నూలు దగ్గర వాహన తనిఖీలో ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్ అడిగారు. డిజిలాకర్‌లో చూపిస్తే చాలు, 2018 నుంచి అది చెల్లుతుంది, ఎవరూ ఒరిజినల్ అడగలేదు. కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అందరూ మర్చిపోయేది, చూసుకోండి. కారు అద్దెకు తీసుకునే వాళ్లు పసుపు ప్లేటు బండే మాట్లాడుకోవాలి, పక్క రాష్ట్రాల పర్మిట్ ఉందో లేదో డ్రైవర్‌ను ముందే అడగాలి. తెల్ల ప్లేటు బండి కిరాయికి తిప్పుతూ దొరికితే బండి ఆపేస్తారు, లగేజీతో రోడ్డు మీద నిలబడేది మనం.

మద్యం గురించి కూడా దాచాల్సిందేం లేదు, మగవాళ్ల బ్యాచ్‌లు ఎక్కువగా ఇరుక్కునేది దీంట్లోనే. ఒక రాష్ట్రంలో కొన్న సీసా ఇంకో రాష్ట్రంలో పన్ను కట్టని మద్యం కిందికి వస్తుంది, ఎక్సైజ్ వాళ్లు ఎన్‌డీపీఎల్ అంటారు. రాయచూరు నుంచి ఇటు, తెలంగాణ నుంచి ఆంధ్రాకు తెచ్చేవాళ్లను కర్నూలు దగ్గరి పంచలింగాల చెక్‌పోస్టు లాంటి చోట్ల పట్టుకుంటూనే ఉంటారు. బిల్లు ఉందని వాదించినా అది పక్క రాష్ట్రం బిల్లే. తనిఖీ అంటే మర్యాదగా డిక్కీ తీయండి, ఆడవాళ్లను వెతకాలంటే మాత్రం మహిళా సిబ్బందే చేయాలి, అది అడగడానికి మొహమాటపడొద్దు.

తుంగభద్ర దాటగానే తెలంగాణ, పుల్లూరు టోల్‌ప్లాజా. 2021 మే నెలలో, కరోనా రెండో వేవ్ అప్పుడు, కర్నూలు వైపు నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తున్న అంబులెన్సులను మన పోలీసులు ఆపేసింది ఇక్కడే. హైకోర్టు జోక్యం చేసుకున్నాకే వదిలారు. అక్కడ టోల్ కట్టి నిమిషంలో దాటిపోతుంటే అమ్మ ఆ రోజుల గురించే మాట్లాడింది, మా బంధువు ఒకాయన అప్పుడు కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు.

అలంపురం నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చింది. జోగులాంబ అమ్మవారు, బాదామి చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలు, శ్రీశైలం ముంపు నుంచి కాపాడి కూడవెల్లి నుంచి తరలించిన సంగమేశ్వరాలయం, రద్దీ లేదు, తోపులాట లేదు. హరిత హోటల్ ఉంది, భోజనం సాదాసీదా. గద్వాలలో చీరలు, జూరాల డ్యాం దగ్గర వేయించిన చేపలు, ఈ రెండూ ఎవరూ చెప్పకపోయినా మనవాళ్లు వదలరు.

కురువపురం విషయంలో కాస్త ఆగి చెప్పాలి. శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం కృష్ణ మధ్యలో లంక మీద ఉంది, గుడి కర్ణాటకలో, మనం నది దాటేది మక్తల్ మండలం పంచదేవ్‌పహాడ్ నుంచి. అంటే అవతలికి పోవడమంటే నీటి మీదే రాష్ట్రం మారడం. పుట్టి (గుండ్రటి తెప్ప) గానీ పడవ గానీ ఎక్కాలి. 2020 ఆగస్టులో ఇక్కడే వరదలో పుట్టి మునిగి నలుగురు గల్లంతయ్యారు. పై నుంచి నీళ్లు వదిలారంటే దాటడం ఆపేస్తారు, అప్పుడు ఎక్కువ డబ్బులిస్తామని పుట్టి నడిపేవాళ్లను ఆశపెట్టొద్దు. మేము వెళ్లిన రోజు నీళ్లు నిలకడగా ఉన్నాయి. అయినా మా ఆవిడ లైఫ్ జాకెట్ లేనిదే ఎక్కనంది, ఉన్నవి వెతికి ఇచ్చేదాకా ఒడ్డు మీదే నిలబడింది, తర్వాత ఆమెను చూసి ఇంకో రెండు కుటుంబాలూ అడిగాయి. గుళ్లో మగవాళ్లు చొక్కా తీయాలి. వానాకాలంలో అయితే బయల్దేరే ముందు మక్తల్‌లో ఫోన్ చేసి కనుక్కోండి.

రాయచూరులో మన తెలుగు అందరికీ అర్థమవుతుంది, హోటళ్లలో జొన్న రొట్టె బాగుంది, పెట్రోలు మన కంటే తక్కువ, ట్యాంకు నింపుకున్నాం. మహబూబ్‌నగర్ నుంచి మా పెద్దమ్మ బస్సులో వచ్చి రాయచూరులో మమ్మల్ని కలిసింది. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఇచ్చే ఫ్రీ బస్సు జీరో టికెట్ తెలంగాణ పొలిమేర దాకానే, అక్కడి నుంచి టికెట్ కొనాలి, ఆధార్ దగ్గరుండాలి. కర్ణాటకలో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఆ రాష్ట్రం వాళ్లకే, ఆంధ్రాలో స్త్రీశక్తి కూడా అంతే. మనవాళ్లు చాలామంది అక్కడా ఫ్రీయే అనుకుని కండక్టర్‌తో గొడవపడుతున్నారు, చేతిలో టికెట్ డబ్బులు పెట్టుకుని వెళ్తే సరిపోతుంది.