పిల్లలకు ట్యాబా, హాల్లో కంప్యూటరా: ఏది మేలు?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే నాకు ఒకే ప్రశ్న నాలుగు వైపుల నుంచి వస్తుంది. "అక్కా, మా బాబుకి తొమ్మిదేళ్లు నిండాయి. ట్యాబ్ కొనమంటావా, కంప్యూటర్ కొనమంటావా?" కింది ఫ్లాట్ వాళ్లు అడిగారు. ఖమ్మం నుంచి మా మేనత్త కోడలు అడిగింది. పోయిన ఆదివారం మా చెల్లెలు రెండు ట్యాబ్‌లు కార్ట్‌లో వేసుకుని మరీ వీడియో కాల్ చేసింది. ఫోన్లో తలా ఒక ముక్క చెబుతుంటే ఎవరికీ పూర్తిగా అందడం లేదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

రోజుకు ఎంతసేపు, కళ్లకు ఎంత దూరం, పడుకునే ముందు ఎందుకు వద్దు అన్నవి అందరికీ తెలిసినవే, వాటి లోతుకు పోను. అయిదు నుంచి పదేళ్ల మధ్య పిల్లలు తెర ముందు రోజుకు రెండు గంటల లోపే ఉండాలని పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. మా ఇంట్లో బడి ఉన్న రోజుల్లో గంట మాత్రమే. ఆ గంట దేనితో గడవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

మా ఇంట్లో రెండూ ఉన్నాయి. 2021లో ఆన్‌లైన్ క్లాసుల కోసం ట్యాబ్ కొన్నాం. రెండేళ్ల కిందట సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, ఏదో ఆఫీసులో వాడి తీసేసిన డెస్క్‌టాప్‌ను మానిటర్‌తో కలిపి 12,000 రూపాయలకు తెచ్చాం. 8 జీబీ ర్యామ్ ఉంది. పాత హార్డ్‌డిస్క్ తీయించి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించాం. అమ్మాయికి పదేళ్లు, బాబుకి ఆరు. ఇద్దరూ రెండింటినీ వాడారు కాబట్టి చూసిందే చెబుతున్నాను.

కొనేవాళ్లు అడిగేది ధర, బ్యాటరీ, స్క్రీన్ సైజు. నేను చూసేది ఇంకొకటి. ఇవాళ పిల్ల మొదలుపెట్టిన పని రేపటికి మిగులుతుందా? మళ్లీ తెరిచి, విప్పి, ఎక్కడ తప్పిందో చూసుకుని సరిదిద్దుకునే వీలుంటుందా? నాకు మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు ట్యాబ్ సంగతి. ఏడేళ్ల లోపు పిల్లలకు ట్యాబే మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు. మా వాడికి మౌస్ పట్టుకోవడం ఇంకా రాదు, కీబోర్డు మీద అక్షరం వెతికేలోపు అసలు ఏం చేయాలనుకున్నాడో మర్చిపోతాడు. వేలితో అయితే గీసేస్తాడు. అయిదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసమే చేసిన స్క్రాచ్‌జూనియర్ ట్యాబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. చదవడం రాని పిల్లలు కూడా బొమ్మల బిళ్లలు వరసగా పేర్చి పిల్లిని నడిపించొచ్చు, గెంతించొచ్చు. ఇక కెమెరా. దసరా సెలవుల్లో అక్కాతమ్ముళ్లు బంకమట్టితో తాబేలు చేసి, కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీసి, స్టాప్ మోషన్ సినిమా చేశారు. సెకనుకు పన్నెండు ఫొటోలు పెట్టుకున్నారు. పది సెకన్ల సినిమాకు నూట ఇరవై ఫొటోలు. మధ్యలో ఫ్యాన్ గాలికి ఆకు ఎగిరిపోయి ఇద్దరూ ఏడ్చారు, మళ్లీ మొదటి నుంచి తీశారు. ఆ పని డెస్క్‌టాప్‌తో అయ్యేది కాదు. బొమ్మ ఎక్కడుంటే అక్కడికి ట్యాబ్‌నే పట్టుకెళ్లొచ్చు.

మరి ఇబ్బంది ఎక్కడ? ట్యాబ్‌లో చేసే పనికీ చూసే వీడియోకీ మధ్య దూరం ఒక్క వేలు. మా అమ్మాయి ఎనిమిదేళ్లప్పుడు నెమలిని గీయాలని కూర్చుంది. ఈకల రంగు ఎలా వేస్తారో చూద్దామని యూట్యూబ్ తెరిచింది. నలభై నిమిషాల తర్వాత వెళ్లి చూస్తే ఎవరో కేకులు కోస్తున్న వీడియో నడుస్తోంది. నెమలికి మెడ వరకే అయింది. ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యేలా తయారుచేసిన దానితో ఎనిమిదేళ్ల పిల్ల గెలవాలనడం న్యాయం కాదు, అందుకే నేను తిట్టలేదు.

ఇంకో సంగతి, తొందరగా కనబడనిది. ట్యాబ్‌లో చేసిన పని ఏ యాప్‌లో చేస్తే ఆ యాప్ కడుపులోనే ఉండిపోతుంది. బయటకు తీసే దారి లేకపోలేదు, కానీ పిల్లలకు కనబడదు. "నా బొమ్మ ఎక్కడుంది?" అంటే "ఆ యాప్‌లో" అంటారు. యాప్ తీసేస్తే బొమ్మ కూడా పోతుంది. మా వాడి స్క్రాచ్‌జూనియర్ కథలు మూడు అలాగే పోయాయి, ట్యాబ్ నిండిపోయిందని నేనే యాప్ తీసేశాను. వాడు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తప్పు నాదే.

ఇప్పుడు కంప్యూటర్. నా మొగ్గు ఇటే. ఎందుకో చెప్పాలంటే మా అమ్మాయి మామిడికాయల ఆట గురించి చెప్పాలి.

స్క్రాచ్ గురించి చాలామందికి తెలిసే ఉంటుంది, పిల్లలు ఆదేశాల బిళ్లలు పేర్చి సొంతంగా ఆటలు, కథలు తయారుచేసుకునే ప్రోగ్రామ్. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో అందరికీ ఇచ్చింది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఉద్దేశించింది, పూర్తిగా ఉచితం. కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది, ఇది నాకు బాగా నచ్చిన గుణం. మా అమ్మాయి అందులో ఒక ఆట మొదలుపెట్టింది. పైనుంచి మామిడికాయలు రాలుతుంటాయి, కింద గంపను అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. కాయ గంపకు తగిలితే ఒక పాయింటు. తీరా ఆడి చూస్తే ఒక్క కాయ పడగానే స్కోరు ఎనిమిదో, పదో పెరిగిపోతోంది.

"అమ్మా, నేను ఒకటే కదా పెట్టాను!" అంది. అవును, ఒకటే పెట్టింది. చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది కానీ ఆపుకున్నాను. రెండు సాయంత్రాలు దానితోనే కూర్చుంది. కాయను మరీ నెమ్మదిగా పడేలా చేసి చూసింది, స్కోరు ఇంకా ఎక్కువ పెరిగింది. అక్కడ దొరికింది దానికి. కాయ గంపను దాటి కిందికి పోయేదాకా తగులుతూనే ఉంటుంది, తగిలినన్ని సార్లూ కంప్యూటర్ లెక్కపెడుతూనే ఉంటుంది. పాయింటు ఇవ్వగానే కాయను మళ్లీ పైకి పంపేసే బిళ్ల ఒకటి కింద తగిలించింది. స్కోరు ఒకటైంది. వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది, పొయ్యి మీద పోపు మాడిపోతోందన్నా వినలేదు.

ఆ ఆట ఇప్పుడు డి డ్రైవ్‌లో దాని పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంది. పాతది వేరే ఫైలుగా దాచుకుంది, "మామిడి 1", "మామిడి 2", "మామిడి 4" అని. మూడు ఏమైందంటే అది చెడిపోయిందట. ఏది తనదో, ఎక్కడుందో, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో పదేళ్ల పిల్లకు తెలుసు. ట్యాబ్‌లో మూడేళ్లు గడిపినా ఈ ఎరుక రాలేదు.

బాధ్యత సంగతికి వద్దాం. చాలామంది దీన్ని తాళాల లెక్కగా చూస్తారు. ఏ యాప్‌కి లాక్ వేయాలి, ఎన్ని గంటలకు ఆగిపోవాలి అని. తాళాలు కావాలి, మేమూ వేశాం. ట్యాబ్‌లో ఫ్యామిలీ లింక్ ఉంది, పిల్లల వాడకాన్ని పెద్దవాళ్లు అదుపు చేసే గూగుల్ యాప్. కంప్యూటర్‌లో పిల్లలకు వేరే అకౌంట్ ఉంది, అడ్మిన్ పాస్‌వర్డ్ మా దగ్గరే. ఈ విషయంలో ట్యాబ్‌కే ఒక మార్కు ఎక్కువ, అమర్చడం తేలిక. అయితే తాళం పిల్లను ఆపుతుందే గానీ పిల్లకు ఏమీ నేర్పదు.

మా అమ్మాయి ఆ ఆటను స్క్రాచ్ సైట్‌లో పెట్టింది. అసలు పేరు వాడొద్దని ముందే అనుకుని ఒక పిట్ట పేరుతో అకౌంట్ తెరిచాం. నాలుగు రోజులకు మా అన్నయ్య కొడుకు దాన్ని తెరిచి, మామిడికాయలు తీసేసి ఐస్‌క్రీములు పెట్టి, తన పేజీలో పెట్టుకున్నాడు. "బావ నా ఆట దొంగిలించాడు" అని ఒకటే ఏడుపు. ఇద్దరం కూర్చుని ఆ పేజీ చూశాం. స్క్రాచ్‌లో అందరికీ పెట్టిన ఆటను ఎవరైనా లోపలికి వెళ్లి చూడొచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని రీమిక్స్ అంటారు. కానీ అసలు చేసినవాళ్లకు కృతజ్ఞతలంటూ వాళ్ల పేరు ఆ పేజీలో దానంతటదే వస్తుంది. తన పిట్ట పేరు అక్కడ కనబడగానే ఏడుపు ఆగింది. కాసేపటికి తనే అడిగింది. "మరి నేను గూగుల్‌లో తీసిన మామిడితోట ఫొటో ఎవరిది? వాళ్ల పేరు నేను పెట్టలేదు కదా?"

నేను ఎన్నిసార్లు చెప్పినా ఆ ప్రశ్న పుట్టేది కాదు. తన వస్తువు ఒకటి బయట పెట్టాక, దానికి తన పేరు ఉండాలని తనకే అనిపించాక, ఎదుటివాళ్ల వస్తువు సంగతి తెలిసింది. ఆ ఫొటో తీసేసి తోటను తనే గీసింది. చెట్లు బ్రోకలీ ముక్కల్లా వచ్చాయి, అలాగే ఉంచింది.

ఇక చోటు. మా డెస్క్‌టాప్ హాల్లో, గోడకు ఆనించి, తెర అందరికీ కనబడేలా ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడితే నాకు కనబడుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టలేదు, స్పీకర్లే. నిఘా కోసమే అయితే నాకు మనసొప్పేది కాదు. కనబడితేనే అడగడం కూడా కుదురుతుంది. మా మామయ్యగారు పక్కన కూర్చుని "ఆ గంప అంత వేగంగా ఎందుకు పోతోందమ్మా?" అంటారు, అది ఆయనకు వివరంగా చెబుతుంది. ట్యాబ్ అయితే దుప్పట్లోకి, మేడ మీదికి, బాత్‌రూమ్‌లోకి కూడా పోతుంది.

ఇంకో రాష్ట్రం సంగతి ఒకటి. కేరళ ప్రభుత్వ హైస్కూళ్లలో 2018 నుంచి లిటిల్ కైట్స్ అని పిల్లల ఐటీ క్లబ్బులు నడుస్తున్నాయి. యానిమేషన్, ప్రోగ్రామింగ్, ఎలక్ట్రానిక్స్‌తో పాటు మలయాళంలో టైప్ చేయడం కూడా నేర్పుతారు. మన దగ్గర 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. పాఠాలు వినడానికి, మళ్లీ మళ్లీ చూసుకోవడానికి అవి పనికొస్తాయి, ఇంట్లో ఏ తెరా లేని పిల్లకు అది చిన్న విషయం కాదు. కానీ మన పిల్లలు సొంత భాషలో టైప్ చేసి ఒక పేజీ తయారుచేయడం నేర్చుకోవాలంటే కీబోర్డు ఉండాలి. విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, సెట్టింగ్స్‌లో కలుపుకుంటే చాలు. మా అమ్మాయి తాతయ్యకు అరపేజీ ఉత్తరం టైప్ చేయడానికి మొదటిసారి గంటన్నర పట్టింది. ఒత్తుల దగ్గర చాలా ఇబ్బంది పడింది. ఇప్పుడు ఇరవై నిమిషాలు.

కంప్యూటర్‌తో ఇబ్బందులు లేవని కాదు. కరెంటు పోతే సేవ్ చేయని పని పోతుంది, యూపీఎస్‌కు వేరే ఖర్చు. ఊరికి తీసుకెళ్లలేం. టేబుల్, కుర్చీ, చోటు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, మొదటి రెండు నెలలు పెద్దవాళ్లెవరో ఒకరు పక్కన కూర్చోవాలి. ట్యాబ్ ఇచ్చేసి వంట చేసుకోవచ్చు, కంప్యూటర్ అలా కాదు. ఇద్దరూ రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరని ఇళ్లున్నాయి, వాళ్లకు ఇది నిజంగా కష్టం. వాళ్లకు నేను చెప్పేది ఆదివారం ఒక గంట. మా ఇంట్లోనూ మొదట అంతే.

మిగతావి త్వరగా. ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే డెస్క్‌టాప్ కొననక్కర్లేదు, హాల్లో టేబుల్ మీద పెట్టి అక్కడే వాడించండి. కొత్త ల్యాప్‌టాప్ మాత్రం పదేళ్ల పిల్లకు వద్దు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై కూడా బాగుంటుంది, కానీ ఇంట్లో వైర్లు కలపడం సరదా ఉన్న పెద్దవాళ్లు ఉండాలి. కోడింగ్ క్లాసులకు వేలు పోయడం కంటే స్క్రాచ్‌లో ముందు ఆరు నెలలు ఆడనివ్వండి. అమ్మానాన్నల ఫోన్ అన్నిటికంటే చివర. అందులో మన బ్యాంకు ఉంది, ఓటీపీలు ఉన్నాయి, కుటుంబం గ్రూపులు ఉన్నాయి. పోయిన ఏడాది నా ఫోన్లో ఆడుతూ మా వాడు ఒక గేమ్‌లో 899 రూపాయలకు బంగారు నాణేలు కొనేశాడు. వాడికి అవి నిజం డబ్బులని తెలియదు.

కాబట్టి ఏడేళ్ల లోపైతే ట్యాబ్, అదీ కెమెరా కోసం, గీయడం కోసం, పక్కన మీరుండి. ఎనిమిది దాటితే హాల్లో కంప్యూటర్, పాతదైనా సరే. ఒక్కటే కొనే స్థోమత ఉంటే నేను కంప్యూటరే కొంటాను, చిన్నవాడు రెండేళ్లు ఆగుతాడు.

మా చెల్లెలితో కార్ట్‌లోని రెండు ట్యాబ్‌లూ తీసేయించాను. మరిదిగారి పాత ల్యాప్‌టాప్ ఒకటి అటక మీద ఉందట, బ్యాటరీ పోయింది, కీబోర్డులో రెండు మీటలు పనిచేయవు. ఛార్జర్ పెట్టే ఉంచి, బయటి కీబోర్డు ఒకటి తగిలిస్తే సరిపోతుందన్నాను. శనివారం వెళ్తున్నాను, చెల్లెలి కొడుకుతో కలిసి స్క్రాచ్ ఎక్కించడానికి. మొదటి ఆటలో ఏం పెడతావురా అంటే పీతలు పెడతానన్నాడు.