బయోస్ చెప్పింది చెప్పినట్టు: లైనక్స్ సిస్‌ఎఫ్‌ఎస్‌ని ఏళ్ల తరబడి వాడాక

మా ఆఫీసులో మెషీన్ల లెక్క చూసేది నేనే. ఏ డెస్క్ కింద ఏ మోడల్ ఉంది, బయోస్ ఎప్పటిది, వారంటీకి సీరియల్ నంబరెంత అని ఎవరికి కావాలన్నా నన్నే అడుగుతారు. ఆ పనికి డబ్బు పోసి కొన్న సాఫ్ట్‌వేర్లూ వాడాం. రోజూ చెయ్యి వెళ్లేది మాత్రం లైనక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఊరికే ఇచ్చే ఒక ఫోల్డర్ మీదికే: /సిస్/క్లాస్/డీఎంఐ/ఐడీ. మెషీన్ వివరాలను ఫైళ్లలా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే /సిస్‌లో, ఇదొక భాగం.

ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డులోనే ఉండే బయోస్ వంటి ప్రోగ్రామ్, తన దగ్గరున్న వివరాలను ఎస్‌ఎంబయోస్ అనే ప్రామాణిక పద్ధతిలో పట్టికలుగా మెమరీలో పెడుతుంది. కెర్నల్ బూట్ అవుతూనే వాటిని చదువుకుని, ముఖ్యమైన వాటిని ఒక్కోదాన్ని ఒక్కో ఫైలుగా చూపిస్తుంది. డిస్క్ మీద ఇవి ఎక్కడా ఉండవు. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కొడితే దాదాపు ప్రతిదీ 4096 బైట్లంటుంది, తెరిచి చూస్తే ఒక్క లైను. బయోస్_వెర్షన్ ఫైలుకి, లోపలిది చూపే క్యాట్ కొడితే వెర్షన్ వస్తుంది, ఇంకేమీ రాదు. ఫైలుకు ఒక్క విలువే ఉండాలని సిస్‌ఎఫ్‌ఎస్ పెట్టుకున్న నియమం వల్ల నా స్క్రిప్టుల్లో కావలసిన ముక్కను ఏరి తీసే గ్రెప్‌లు, ఆక్‌లు సగం ఎగిరిపోయాయి.

మెమరీ మాడ్యూళ్లు, స్లాట్ల వంటి లోతైన వివరాలకు ఇప్పటికీ ఆ పట్టికలను విడమరిచి చూపే డీఎంఐడీకోడ్ అనే ప్రోగ్రామ్ కావాలి. ఒకప్పుడు అది మెషీన్ మెమరీని ఫైలులా చూపే /డెవ్/మెమ్‌లోకి నేరుగా తొంగిచూసేది. సెక్యూర్ బూట్‌తో (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే ఏర్పాటు) కెర్నల్ లాక్‌డౌన్ ఉన్నచోట ఆ దారి మూసుకుపోతుంది. 2015లో వచ్చిన 4.2 కెర్నల్ నుంచి ముడి పట్టికలే /సిస్/ఫర్మ్‌వేర్/డీఎంఐ/టేబుల్స్ కింద ఫైళ్లుగా ఉన్నాయి కాబట్టి ఆ బాధ తీరింది.

ఇక తిట్లు. వాటిలో ఎక్కువ భాగం కెర్నల్‌కి చెందవు. అది వట్టి తపాలా బంట్రోతు, ఉత్తరంలో ఏం రాసుందో దానికి పట్టదు. అసెంబుల్డ్ మెషీన్లలో ప్రొడక్ట్_నేమ్ తెరిస్తే "టు బీ ఫిల్డ్ బై ఓఈఎం" అని ఉంటుంది. నింపాల్సినవాడు నింపలేదు. సీరియల్ దగ్గర "డిఫాల్ట్ స్ట్రింగ్". మా రిజిస్టర్‌లో ఒక వరుస మెషీన్లన్నీ ఒకే సీరియల్‌తో పుట్టిన కవలల్లా తేలాయి. ఒక పెద్ద లాప్‌టాప్ కంపెనీ అయితే మనకు తెలిసిన మోడల్ పేరును ప్రొడక్ట్_వెర్షన్‌లో పెట్టి, ప్రొడక్ట్_నేమ్‌లో ఏదో కోడ్ పెడుతుంది. దానికోసం స్క్రిప్టులో ప్రత్యేకంగా ఒక ఇఫ్ రాసుకోక తప్పలేదు.

సీరియల్ నంబర్లనూ ప్రొడక్ట్_యూయూఐడీనీ (మెషీన్‌కి ప్రత్యేకంగా ఉండే గుర్తింపు సంఖ్య) రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్, ఒక్కడే చదవగలడు. మొదట్లో విసుక్కున్నాను గానీ అది సబబే. మెషీన్‌లో నడిచే ప్రతి అడ్డమైన ప్రోగ్రామూ నా మెషీన్ ఆనవాలు పట్టుకుపోనక్కర్లేదు.

ఆ యూయూఐడీతో మరో తలనొప్పి బైట్ల వరస. ఎస్‌ఎంబయోస్ 2.6 నుంచి మొదటి మూడు భాగాలను లిటిల్ ఎండియన్‌గా, అంటే బైట్లను వెనక నుంచి ముందుకు, చదవాలి. అందరూ అలా చదవరు. వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే హైపర్‌వైజర్ తెరమీద 12345678తో మొదలయ్యే నంబరు, గెస్ట్ లోపల, అంటే ఆ వీఎంలో, 78563412గా కనిపించొచ్చు. మిగతా సగం అచ్చంగా ఒకటే! తెలియకపోతే అవి రెండు వేర్వేరు మెషీన్లనుకుంటాం. వీఎంని క్లోన్ చేసినప్పుడు యూయూఐడీ మారిందో లేదో చూడటం కూడా ఇక్కడే. చాలా మెషీన్ల మీద కంటెయినర్లను నడిపే క్యూబర్‌నెటీస్‌లో ప్రతి నోడ్‌కీ (మెషీన్‌కీ) అది వేరుగా ఉండాలి.

క్లౌడ్‌లో ఈ ఫోల్డర్ సరదాగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్ వీఎంలో ఛాసిస్_అసెట్_ట్యాగ్ చూడండి: 7783-7084-3265-9085-8269-3286-77. గీతలు తీసేసి రెండేసి అంకెలుగా విడగొడితే ఆస్కీ (అక్షరానికో అంకె ఇచ్చే పట్టిక) అక్షరాలవుతాయి. 77 ఎమ్, 83 ఎస్, 70 ఎఫ్, 84 టీ... మొత్తం చదివితే "ఎంఎస్‌ఎఫ్‌టీ అజూర్ వీఎం". తాను ఏ క్లౌడ్‌లో ఉందో తేల్చుకోవడానికి, క్లౌడ్ వీఎంని మొదటి బూట్‌లో సిద్ధం చేసే క్లౌడ్-ఇనిట్ ఇలాంటి ఫైళ్లనే చూస్తుంది.

రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఈ ఫోల్డర్ కోసం వెతక్కండి. అక్కడ హార్డ్‌వేర్‌ని వర్ణించే డివైస్ ట్రీ ఉంటుంది, /ప్రాక్/డివైస్-ట్రీ/మోడల్ చదివితే బోర్డు పేరు వస్తుంది. చివర్లో ఒక నల్ బైట్ (విలువ సున్నా ఉన్న బైట్) ఉంటుంది కాబట్టి, వేరియబుల్‌లోకి తీసుకుంటే కమాండ్లు నడిపే బ్యాష్ గొణుగుతుంది. టీఆర్ కమాండ్‌తో దాన్ని తుడిచేస్తే సరి.

నాకు బాగా అక్కరకొచ్చింది ఏసీపీఐ పట్టికల్లోని (ఫర్మ్‌వేర్ ఇచ్చే మరో రకం పట్టికలు) ఎంఎస్‌డీఎం అనే ఫైలు. విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్‌లో లైనక్స్ వేసేశాక మళ్లీ ఆ విండోస్ కీ కావాలంటే, రూట్‌గా ఆ ఫైలులో చివరి 29 బైట్లు తీయండి. కీ అదే.

/సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్ ఉంటే మెషీన్ యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరం ఫర్మ్‌వేర్‌తో బూట్ అయినట్టు, లేకపోతే పాత బయోస్ పద్ధతి. ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు. దాని లోపల ఫర్మ్‌వేర్ సెట్టింగులు (వేరియబుల్స్) దాచే ఈఎఫ్‌ఐవార్స్ మాత్రం చదవడానికే కాదు, రాయడానికీ తెరిచి ఉంటుంది. 2016లో అన్నీ చెరిపేసే ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్‌ని రూట్ డైరెక్టరీ (అన్నిటికీ పైనున్న ఫోల్డర్) మీద నడిపిన కొందరికి అక్కడి వేరియబుల్స్ చెరిగిపోయి మదర్‌బోర్డే లేవకుండా పోయింది. 4.5 కెర్నల్ నుంచి వాటిలో చాలావాటికి ఇమ్యూటబుల్ (మార్చడానికీ చెరపడానికీ వీల్లేదనే) గుర్తు పెట్టారు. అయినా నా క్లీనప్ స్క్రిప్టులన్నింట్లో మొదటి లైను /సిస్‌ని మినహాయించేదే.