వైర్లున్న పేస్‌మేకరా, వైర్లు లేనిదా: రిస్క్ చూసుకుంటే ఏది మేలు?

అమ్మకు పేస్‌మేకర్ (గుండెను కరెంటుతో కొట్టించే చిన్న యంత్రం) పెట్టించి మూడు నెలలైంది. తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే: "వైర్లు లేని కొత్త రకం వచ్చిందట కదా, పాతదే ఎందుకు పెట్టించారు?" ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అంకెలు చూస్తే కొత్తదే మేలనిపిస్తుంది. మైక్రా అనే వైర్లు లేని పేస్‌మేకర్‌ను 725 మందిలో పరీక్షించిన ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల్లో పెద్ద సమస్యలు వచ్చింది నూటికి నలుగురికి. పోల్చడానికి తీసుకున్న వైర్ల రకం పాత లెక్క నూటికి 7.4. వైర్ల రకంలో బాక్సును ఛాతీ మీద చర్మం కింద ఒక సంచిలాంటి చోట పెడతారు, దాన్నే పాకెట్ అంటారు; అక్కణ్నుంచి వైరు సిరలోంచి గుండెలోకి వెళ్తుంది. వైరు జారడం, పాకెట్‌లో రక్తం చేరడం, అక్కడ ఇన్ఫెక్షన్ రావడం లాంటివి వైరూ పాకెట్టూ లేనప్పుడు ఉండవు కదా.

నేనూ ఆ అంకె చూసే దాదాపు నిర్ణయించేసుకున్నాను. అప్పుడు డాక్టరుగారు అన్నారు: "ఎంతమందికి వస్తుందో చూశారు. వస్తే ఎక్కడ వస్తుందో కూడా చూడండి." నా మటుకు నాకు తేల్చేసిన మాట అదే.

వైర్ల రకంలో సమస్యలు ఎక్కువే, కానీ చాలావాటిని సరిచేయొచ్చు. వైరు జారితే మళ్లీ తెరిచి సర్దుతారు. వైరు కోసం సిరలోకి గుచ్చే సూది ఊపిరితిత్తికి తగిలి దాని చుట్టూ గాలి చేరితే, కొంచెమైతే దానంతటదే పోతుంది, ఎక్కువైతే ట్యూబు వేస్తారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సిరలోకి వెళ్తే ఆ భయమూ బాగా తగ్గుతుంది.

వైర్లు లేనిదాన్ని తొడ దగ్గరి సిరలోంచి, దాదాపు 9 మిల్లీమీటర్ల లావున్న గొట్టంతో గుండె కుడివైపు కింది గదిలోకి తీసుకెళ్లి గోడకు పట్టిస్తారు. ఆ గోడకు చిల్లు పడితే రక్తం గుండె చుట్టూ చేరి, గుండెనే నొక్కేస్తుంది. వెంటనే సూదితో తీయాలి, ఒక్కోసారి ఛాతీ తెరవాలి. ఇది అరుదు, నూటికి ఒకరిద్దరికి. వైర్లతోనూ చిల్లు పడొచ్చు. కానీ వైర్లు లేనివాటితో పడినప్పుడు పరిస్థితి ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఎక్కువని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2021 నవంబరులో డాక్టర్లను హెచ్చరించింది. పెద్ద వయసు, సన్నటి ఒళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. అమ్మకు 81 ఏళ్లు, 41 కిలోలు, ఏళ్ల నాటి ఆయాసం. బలహీనంగా ఉన్నవాళ్లకు కోత లేనిదే మంచిదని మనకు అనిపిస్తుంది. అమ్మ విషయంలో అది తప్పు లెక్క.

అలాగని వైర్లతో అంతా సాఫీగా జరగలేదు. నాలుగో రోజుకు పాకెట్ ఉబ్బి నల్లబడింది. సూదితో లాగేస్తే పోతుందని ఎవరో అన్నారు, మాకూ టెన్షన్‌గానే ఉంది. డాక్టరుగారు ఒప్పుకోలేదు. సూదితో పాటు క్రిములు లోపలికి పోతాయట. మూడు వారాలకు దానంతటదే కరిగింది. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు ఇది ముందే మాట్లాడుకోవాలి. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో వార్ఫరిన్ (రక్తం పలచబడే మాత్ర) ఆపి, బదులుగా హెపారిన్ (అదే పని చేసే ఇంజెక్షన్) ఇచ్చినవాళ్లలో నూటికి 16 మందికి పాకెట్‌లో ఇలా రక్తం చేరింది. వార్ఫరిన్ ఆపకుండా చేయించుకున్నవాళ్లలో అది నూటికి 3.5 మాత్రమే. సొంతంగా మాత్ర మానేయకండి.

పాతదానికి అసలు మచ్చ ఇన్ఫెక్షన్. పాకెట్‌లో పట్టుకుంటే యాంటీబయాటిక్ ఒక్కదానితో పోదు. బాక్సూ వైర్లూ మొత్తం తీసేయాలి. ఏళ్ల తరబడి సిర గోడకు అతుక్కున్న వైరును లాగడమే పెద్ద ప్రమాదం. బ్యాటరీ కోసం బాక్సు మార్చే ప్రతిసారీ ఆ భయం మళ్లీ ఉంటుంది. అందుకే డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు, ఒకసారి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు, వైరు వెళ్లే ఛాతీ పైభాగపు సిరలు మూసుకుపోయినవాళ్లకు నేనైతే వైర్లు లేనిదే అంటాను. చిన్న వయసువాళ్లు మాత్రం బ్యాటరీ అయిపోయాక ఏం చేస్తారో అడగాలి. మైక్రాను సాధారణంగా లోపలే వదిలేసి పక్కన ఇంకోటి పెడతారు. ఏవీర్ అనే వైర్లు లేని ఇంకో రకాన్ని బయటికి తీయడానికి వీలుగా తయారుచేశారు.

మిగతా పద్ధతుల గురించి రెండు మాటల్లో. గుండె సహజ కరెంటు దారిలోనే వైరు పెట్టే పద్ధతి వైర్ల రకంలో భాగమే. పేసింగ్ (పేస్‌మేకర్ గుండెను కొట్టించడం) ఎక్కువగా అవసరమయ్యేవాళ్లు దాని గురించి అడగండి. గుండె పైపొర మీద వైరు కుట్టడం ఎక్కువగా చిన్నపిల్లలకు, లేదా ఎలాగూ ఛాతీ తెరిచినప్పుడు.

వైర్లు లేనిదే ఎంచుకుంటే ఒక్కటి అడిగి తెలుసుకోండి: చిల్లు పడితే ఛాతీ తెరవగల సర్జన్ ఆ పూట ఆ ఆసుపత్రిలోనే ఉంటారా? లేరంటే ఉన్నచోటికి వెళ్లండి. వైర్లదైతే కొన్ని వారాలు ఆ వైపు చెయ్యి భుజం దాటి ఎత్తొద్దంటారు. అలాగని చెయ్యి అసలు కదపకుండా ఉంచితే భుజం పట్టేస్తుంది. అమ్మకు ఆరు వారాలు నేనే తల దువ్వాను. ఇప్పుడు తనే దువ్వుకుంటోంది.