పాదరసం కొండ మీదికి సైకిళ్లేసుకుని

ఇంటర్‌లో ఫిజిక్స్ ల్యాబ్‌లో థర్మామీటర్ పగిలితే ఆ పాదరసాన్ని ఇంకు సీసాలో పోసుకుని హాస్టల్‌కి తెచ్చిన ఘనుడు నా ఈ స్నేహితుడు. ఇన్నేళ్లకి డాలస్ నుంచి శాన్ హోసే వచ్చి "ఏదైనా చూపించరా" అన్నాడు. ఆల్మడెన్ క్విక్‌సిల్వర్ పార్కు తప్ప నాకింకేం తడుతుంది? 4,000 ఎకరాలకు పైబడిన ఆ కొండల్లో 1970ల దాకా తవ్వింది పాదరసమే.

సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. వాడికిచ్చినదానికి చిన్న గేరు పడనే లేదు. షాపులోనే గేర్లన్నీ మార్చి చూసుకోవాల్సింది, చూసుకోలేదు. గట్టిగా అడిగితే సాయంత్రం సగం డబ్బులు వెనక్కిచ్చారు.

హసియెండా గేటు దగ్గర పార్కింగ్ చిన్నది, తొమ్మిదికే నిండిపోయింది. అక్కణ్ణుంచి మైన్ హిల్ ట్రయిల్ మొదటి తొక్కు నుంచే ఎక్కుడు. బాట వెడల్పుగానే ఉంది, నేర్పేం అక్కర్లేదు, తొడల్లో సత్తువుంటే చాలు. నీడ తక్కువ. పైన తాగునీళ్లు మాకెక్కడా కనబడలేదు. మనిషికి రెండు సీసాలు తీసుకెళ్లినా చాల్లేదు. వాడైతే సగం దారి సైకిల్ని నడిపించుకుంటూనే వచ్చాడు, ఆగినచోటల్లా హాస్టల్ మెస్ కబుర్లు.

గని కార్మికులుండే ఇంగ్లిష్ క్యాంప్‌లో కూలుతున్న చెక్క ఇళ్లు, బోర్డులు తప్ప ఏం మిగల్లేదు. ఆ ఒక్కదాని కోసమైతే అంత ఎక్కక్కర్లేదు. శాన్ క్రిస్టోబల్ సొరంగం మాత్రం వదలొద్దు. ఎండలో చెమటోడుతూ వచ్చి దాని నోటి దగ్గర నిలబడితే చల్లటి తడిగాలి మొహానికి కొడుతుంది. ఫోన్ లైటేసుకుని కొద్ది దూరం లోపలికెళ్లాం, తర్వాత ఇనుప గేటు అడ్డం. బయటికొస్తుంటే వాడొక రాయి తీసి చూపించాడు. బూడిదరంగు మీద సన్నటి ఎర్ర చార, కుంకుమ గీసినట్టు.

"ఇంగిలీకంరా!" అన్నాడు.

అదో కాదో మరి. పాదరసం తీసేది మాత్రం ఇంగిలీకం అనే ఎర్ర ఖనిజం నుంచే. ఇక్కడి ఆదివాసులైన ఓలోనీలు దాన్ని ఒంటికి రంగుగా పూసుకునేవాళ్లట. 1845లో కాస్టిల్లెరో అనే మెక్సికన్ అధికారి అందులో పాదరసం ఉందని కనిపెట్టాడు, ఆ తర్వాత కాలిఫోర్నియా బంగారం వేటలో ముడిరాయి నుంచి బంగారాన్ని విడదీయడానికి అదే పనికొచ్చింది. ఆ తవ్వకాల పాదరసం నీళ్లలో ఇప్పటికీ ఉంది: కింద గ్వాడలూప్ రిజర్వాయర్లో చేపలు పట్టినా తినకూడదు.

ఇదంతా దిగాక కాసా గ్రాండే మ్యూజియంలో వివరంగా చూశాం. ముందు అది చూసి ఎక్కుంటే పైన సగం బోర్డులు అర్థమయ్యేవి.

రాయి అక్కడే పెట్టెయ్యమన్నాను. పెట్టేశానన్నాడు. కారెక్కే ముందు వాడి జేబులు తడిమాను.