ఈ.కోలైని పట్టడానికి ఏది మేలు: మెకాంకీ ప్లేటా, క్రోమోజెనిక్ ప్లేటా?

రెండూ ఈ.కోలై వంటి పేగు బ్యాక్టీరియాను పెంచే అగార్ (జెల్లీ లాంటి ఆహారం) ప్లేట్లే, రెండూ బ్యాక్టీరియా ఎంజైమ్ పనినే రంగుగా చూపిస్తాయి. ఆ రంగు కాలనీలోనే (ఒకచోట పెరిగిన బ్యాక్టీరియా గుంపులోనే) నిలుస్తుందా, చుట్టూ పాకుతుందా అన్నదే అసలు తేడా. ఎంపికలో ముందు చూడాల్సింది అదే.

మెకాంకీలో లీటరుకు 10 గ్రాముల లాక్టోజ్ (పాల చక్కెర), 1.5 గ్రాముల బైల్ సాల్ట్స్ (పిత్త లవణాలు), చాలా కొద్దిగా క్రిస్టల్ వయొలెట్, ఆమ్లానికి రంగు మారే న్యూట్రల్ రెడ్ ఉంటాయి. బ్యాక్టీరియా లాక్టోజ్‌ను లోపలికి తీసుకుని, బీటా-గెలాక్టోసిడేజ్‌తో విడగొట్టి, ఆమ్లం తయారు చేయాలి. పీహెచ్ 6.8 కంటే దిగితేనే కాలనీ గులాబీగా మారుతుంది. మనకు కనిపించేది ఎంజైమ్ కాదు, చివర్లో పుట్టిన ఆమ్లం. ఆ ఆమ్లం అగార్‌లో పాకుతుంది కనుక కాలనీలు ఒత్తుగా ఉన్నచోట లాక్టోజ్ వాడని కాలనీకి కూడా గులాబీ ఛాయ వస్తుంది. ప్లేటును ఎక్కువసేపు ఉంచేస్తే బ్యాక్టీరియా పెప్టోన్ (ప్రోటీన్ ముక్కల ఆహారం) మీద పడి క్షారం పుట్టిస్తుంది, వచ్చిన రంగు వెలిసిపోతుంది. అందుకే 18–24 గంటల మధ్యే చదవాలి.

క్రోమోజెనిక్ ప్లేటులో రంగు పుట్టే దారి వేరు. ఎక్స్-గ్లూక్ అనే సబ్‌స్ట్రేట్‌ను (ఎంజైమ్ కోసే పదార్థాన్ని) ఈ.కోలైలో సాధారణంగా ఉండే బీటా-గ్లూకురోనిడేజ్ కోయగానే ఇండాక్సిల్ విడుదలవుతుంది. అది ఆక్సిజన్‌తో కలిసి నీటిలో కరగని నీలి పదార్థంగా మారి, పుట్టిన కాలనీలోనే ఉండిపోతుంది. కాబట్టి పక్కపక్కనే ఉన్న రెండు రకాలు విడివిడిగా తెలుస్తాయి. ఆక్సిజన్ లేని జార్‌లో పెడితే మాత్రం ఎంజైమ్ ఉన్నా రంగు రాదు. నీటి పరీక్షకు వాడే కోలిఫార్మ్ అగార్‌లో గెలాక్టోసిడేజ్ కోసం ఎర్ర రంగునిచ్చే రెండో సబ్‌స్ట్రేట్ కూడా ఉంటుంది. రెండు ఎంజైమ్‌లూ ఉన్న ఈ.కోలై ముదురు నీలం నుంచి ఊదా వరకు, మిగతా కోలిఫార్మ్‌లు (ఈ.కోలై లాంటి లాక్టోజ్ వాడే బ్యాక్టీరియా) గులాబీ నుంచి ఎరుపు వరకు వస్తాయి.

అయితే రంగు చెప్పేది ఎంజైమ్ పేరే, జీవి పేరు కాదు. విరేచనాలు కలిగించే షిగెల్లాల్లో కొన్నిటికి గ్లూకురోనిడేజ్ ఉంటుంది. నీటిలో ఉండే ఏరోమోనాస్‌కు గెలాక్టోసిడేజ్ ఉండటంతో అది కోలిఫార్మ్‌లా కనిపిస్తుంది, అనుమానమొస్తే ఆక్సిడేజ్ పరీక్ష (ఏరోమోనాస్‌కు పాజిటివ్, కోలిఫార్మ్‌లకు నెగటివ్) చేయాలి. దానికి కాలనీని మెకాంకీ నుంచి తీయకండి, ఆమ్లం వల్ల తప్పుడు నెగటివ్ రావచ్చు. న్యూట్రియెంట్ అగార్ మీద మళ్లీ పెంచి చేయండి. ఈ.కోలైని గుర్తించే ఇండోల్ పరీక్షకూ ఇదే నియమం, కాలనీ రంగు ఫలితాన్ని కప్పేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం ఓ157:హెచ్7 దగ్గర. రక్త విరేచనాలు కలిగించే ఈ ప్రమాదకరమైన ఈ.కోలై రకంలో గ్లూకురోనిడేజ్ పనిచేయదు, అందుకే ఎక్స్-గ్లూక్ ప్లేటు మీద నీలం రాదు. మామూలు మెకాంకీ మీద గులాబీగానే వచ్చి మిగతా ఈ.కోలైలో కలిసిపోతుంది. రక్త విరేచనాల నమూనాకు లాక్టోజ్ బదులు సార్బిటాల్ వేసిన మెకాంకీ కావాలి. ఓ157 సార్బిటాల్‌ను అంత త్వరగా వాడదు కనుక, 24 గంటల్లో రంగు లేకుండా ఉన్న కాలనీలను ఏరి, ఓ157ను గుర్తించే సీరంతో నిర్ధారించాలి.

ఎంయూజీ అనే సబ్‌స్ట్రేట్‌తో మూడో దారీ ఉంది. గ్లూకురోనిడేజ్ దాన్ని కోస్తే 366 నానోమీటర్ల అతినీల కాంతిలో నీలి వెలుగు వస్తుంది. ఆ పదార్థం కరిగి వ్యాపిస్తుంది కనుక ప్లేటు మీద కాలనీలు లెక్కించడానికి కుదరదు, ట్యూబుల్లో ఉందా లేదా తేల్చడానికి చక్కగా సరిపోతుంది. ఆమ్లంలో వెలుగు మసకబారుతుంది, ఒక చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే తేటపడుతుంది. కొన్ని గాజు ట్యూబులు వాటంతటవే వెలుగుతాయి, కాబట్టి ఖాళీ మీడియం ట్యూబును పక్కన పెట్టి పోల్చాలి.

నీటిలో లెక్కకూ, రెండు మూడు రకాలు కలిసిన యూరిన్ నమూనాకూ క్రోమోజెనిక్ ప్లేటే మేలు. క్రిస్టల్ వయొలెట్ ఉన్న మెకాంకీ మీద ఎంటరోకాకస్ అనే మరో యూరిన్ బ్యాక్టీరియా పెరగదు, యూరిన్‌కు వాడే క్రోమోజెనిక్ ప్లేటు మీద అది చిన్న నీలి కాలనీగా కనిపిస్తుంది. ఒకే రకం బ్యాక్టీరియా అని తెలిసిన నమూనాకు అంత ఖర్చు అక్కర్లేదు, మెకాంకీ చాలు.

క్రోమోజెనిక్ పొడుల్లో చాలావాటిని ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరిలో వేడి) చేయకూడదు. మరిగించి కరిగించి, 45–50 డిగ్రీలకు చల్లార్చి, ప్లేటుకు సుమారు 20 మి.లీ. పోయాలి. ప్లేట్లను 2–8 డిగ్రీల్లో చీకట్లో ఉంచాలి. ఒక కంపెనీ ప్లేటులో నీలంగా వచ్చే ఈ.కోలై మరో కంపెనీ ప్లేటులో గులాబీగా రావచ్చు, అందుకే డబ్బాలోని కాగితం చదవాలి. కొత్త బ్యాచ్ తెరిచినప్పుడల్లా తెలిసిన ఈ.కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ స్ట్రెయిన్లు గీసి, మూడు రంగులూ సరిగా వచ్చాకే నమూనాలు వేయాలి.